ఏడో తరగతి వాట్సాప్ గ్రూపు గారికి

మహారాజశ్రీ ఏడో తరగతి బి సెక్షన్ పేరెంట్స్ గ్రూపు గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా పిల్లల వివరాలు తమరి దగ్గర క్షేమంగా ఉన్నాయా?

ఫిబ్రవరి రెండో వారంలో మంగళవారం సేఫర్ ఇంటర్నెట్ డే కదా, స్కూల్లో ఘనంగా చేశారు. "పేరు, అడ్రసు, ఫొటో ముక్కూమొహం తెలియని వాళ్లకి ఇవ్వకూడదు" అని పిల్లల చేత స్కెచ్ పెన్నులతో చార్టులు రాయించారు. మధ్యాహ్నానికల్లా ఆ చార్టులు పట్టుకున్న పిల్లల ఫొటోలన్నీ తమరి ఒడిలో వచ్చి పడ్డాయి. ఒక్కోదాని కింద పేరు, సెక్షన్, రోల్ నంబరు. మావాడు గీసిన తాళంకప్ప బొమ్మ భలే కుదిరింది. దాని పక్కనే వాడి మెడలో ఐడీ కార్డు. కాస్త జూమ్ చేస్తే మా ఇంటి నంబరు, నా ఫోన్ నంబరు, వాడి బ్లడ్ గ్రూపు, అన్నీ చదువుకోవచ్చు. సాయంత్రానికి అవే ఫొటోలు స్కూలు ఫేస్‌బుక్ పేజీకి కూడా ఎక్కాయి, అడ్మిషన్లు జరుగుతున్నాయన్న ముక్కతో సహా.

18 ఏళ్లు నిండని వాళ్ల డేటా ముట్టుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. తమరి దగ్గర ఆ పని ఎంత సులువో! ఎవరో ఒకరు బొటనవేలు బొమ్మ పెడితే క్లాసంతా ఒప్పుకున్నట్టే.

మొన్న స్కూలు ఆఫీసు వాళ్లు ఆధార్ కాపీలు గ్రూపులోనే పెట్టమన్నారు. వరసపెట్టి పెట్టేశారు. మర్నాడు పొద్దున్నే తమరి గుడ్ మార్నింగ్ సూక్తి: ఓటీపీ ఎవరికీ చెప్పకండి. బాగుంది. గులాబీ పువ్వు డీపీ పెట్టుకున్న ఆయన ఎవరండీ ఇంతకీ? టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లాడి బాబాయి అని ఒకరు, పాత వ్యాన్ డ్రైవర్ అని ఇంకొకరు అంటున్నారు. ఎవరైతేనేం, ఆధార్‌లు ఆయనకీ చేరాయి.

వాట్సాప్ సొంతంగా వాడాలంటే 13 నిండాలి. మావాడికి ఇంకా 12. హోంవర్క్ మాత్రం తమరిలోనే వస్తుంది కాబట్టి సాయంత్రం ఆరు దాటితే మా ఆవిడ ఫోన్ వాడిదే. అలా వాడే చూశాడు, ఎవరో తాతగారు పెట్టిన "విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్, పది మందికి పంపితేనే" అన్న లింకుని.

"నాన్నా, ఇది ఫేక్. చివర ప్రభుత్వ సైట్లకుండే జీఓవీ డాట్ ఇన్ లేదు చూడు. తాతగారికి చెప్పనా?"

"వద్దురా, పెద్దాయన. బాగుండదు."

"డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలని అయినా పెట్టనా?"

పెట్టాడు. దాని కింద ముప్పై నమస్కారాలు, ఒక హ్యాపీ బర్త్‌డే, మళ్లీ అదే లాప్‌టాప్ లింకు.

కాబట్టి నా మనవి ఒక్కటే. వచ్చే నెల సైబర్ భద్రత మీద క్విజ్ ఉందని తెలిసింది. పిల్లల్ని వదిలేసి అది మాకు పెట్టించండి. మార్కులు మాత్రం గ్రూపులో పెట్టకండి.

ఇట్లు,
రోల్ నంబరు చెప్పదలుచుకోని ఒక నాన్న