ఆదిమానవుడి మీద పడిన ఉరుము

మతాన్ని పరిచయం చేయబూనిన పుస్తకం మొదటి వాక్యంలోనే ఉరమాలి. ఈ నియమాన్ని ఎవరు పెట్టారో గానీ పరిచయకర్తలందరూ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ఆదిమానవుడు ఉరుముకు జడిశాడని, ఆ భయంలోంచి దేవుడు పుట్టాడని రాయనిదే వారి కలం రెండో వాక్యానికి కదలదు. దేవతలను మొదట సృష్టించింది భయమేనని రోమన్ కవి స్టేషియస్ క్రీ.శ. 1వ శతాబ్దంలోనే పద్యంలో చెప్పాడు. అదే మాటలోంచి పద్యాన్ని తీసేసి సొంత పరిశోధనగా చెలామణీ చేస్తున్న పండితుల ఓపికకు జోహార్లు అర్పించవలసిందే.

ఆ మహత్తర ఘట్టాన్ని వారు చెప్పినట్టే ఊహించుకుందాం. మట్టిలో అడుగుజాడ చూసి మృగం ఎప్పుడు వెళ్లిందో చెప్పగల వేటగాడు ఒకానొక సాయంత్రం, జీవితంలో మొట్టమొదటిసారిగా ఉరుము వింటాడు. అంతకుముందు వానల్లో ఆయన ఎక్కడ తలదాచుకున్నాడో పుస్తకం చెప్పదు. గుహలో ఓ మూలన ముడుచుకుని, వణుకుతూనే స్వర్గాన్నీ నరకాన్నీ పురోహితుణ్ణీ కానుకల పెట్టెనూ ఒక్క రాత్రిలో కనిపెట్టి, తెల్లవారి వాన వెలిసినా మతం మాత్రం వెలవకుండా పకడ్బందీగా ఏర్పాటు చేస్తాడు. ఆయన భార్యకు ఉరుము వినిపించినట్టు దాఖలాలు లేవు. చెట్టు మీది కోతి కూడా అదే ఉరుముకు వణికింది కదా, దానికి పురోహితులు లేరేమని అడగడం మర్యాద కాదు.

తరువాతి పని తేలిక. ఆత్మల మీద విశ్వాసమే మతమని 1871లో ఆంగ్లేయ మానవశాస్త్రవేత్త టైలర్ అన్నమాటను, పవిత్రమనుకున్న వాటి చుట్టూ జనాన్ని ఒక్కటి చేసేదే మతమని 1912లో ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త దుర్ఖైమ్ అన్నమాటను చెరో పేరాలో కూర్చోబెట్టి, 'సంస్కృతిలో మతం పాత్ర' అనే శీర్షిక కింద కళలు, కట్టడాలు, పండుగలు అని సరుకుల చీటీ రాసేస్తే పరిచయం ముగుస్తుంది.

రష్యాలోని సుంగీర్‌లో సుమారు 34,000 ఏళ్ల నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో ఇద్దరు పిల్లలను తలకు తల చేర్చి పడుకోబెట్టారు. వారి మీద మామత్ అనే అంతరించిపోయిన బొచ్చు ఏనుగు దంతంతో చేసిన పూసలు వేలకు వేలు ఉన్నాయి. ఒక్కో పూసను కోయాలి, తొలవాలి, నునుపు చేయాలి. ఆ గడ్డకట్టే చలిలో, తిండి వెతుక్కోవలసిన వేళల్లో అన్ని పూసలు చెక్కినవాళ్లు ఉరుముకు బెదిరినవాళ్లా? వాళ్ల మనసులో ఏముందో తెలియకపోతే తెలియదని రాయండి. బిడ్డను మట్టిలో పెట్టిన చేతులను పిరికివాడి చేతులని రాయడానికి మాత్రం సిగ్గుండాలి! ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మీ సోమరితనమంతా ఆ తల్లిదండ్రుల మీదా పడవలసింది?

భయంతో వ్యాపారం చేసినవాళ్లు లేరనడం లేదు. 1517లో జర్మన్ క్రైస్తవ సన్యాసి లూథర్ తిరగబడింది, పాపాలకు పడే శిక్ష తగ్గుతుందంటూ చర్చి పేరిట సాగిన పాపపరిహార పత్రాల అమ్మకం మీదే. ఆ పత్రాలను చనిపోయినవారి కోసం కూడా కొనుక్కునేవారు. అమ్మినవాడి లోభాన్ని కొన్నవాడి దుఃఖానికి అంటగడితే అది చరిత్ర అనిపించుకోదు.

తేదీతో సహా నేటికీ మిగిలిన అచ్చుపుస్తకాలలో అతి పురాతనమైనది 868లో చైనాలో ముద్రించిన బౌద్ధ సూత్రం. తన తల్లిదండ్రుల పేరిట, అందరికీ ఉచితంగా పంచడానికి వాంగ్ జియే అనే ఆయన దీన్ని చేయించాడని దాని చివర అచ్చులోనే ఉంది. ఆ సంగతి మాటవరసకైనా ఎత్తకుండా, పరిచయకర్త తన రెండో ముద్రణను కూడా ఉరుముతోనే మొదలుపెడుతున్నాడు.