పుట్టినరోజు ఫ్లెక్సీ దగ్గర ఎడమకు

సంక్రాంతికి బండలాగుడు పోటీలు మా ఊళ్లోనంటే మా ఊళ్లోనని పెద్దమనుషులు కొట్లాడుకోవడం మనకు కొత్త కాదు. ఎడ్ల బదులు కార్లు, పెద్దమనుషుల బదులు మేము. ఈసారి ర్యాలీ నెల్లూరులోనా, ఒంగోలులోనా అని రెండు క్లబ్బులూ మూడు నెలలు కీచులాడుకున్నాయి. క్లబ్బంటే ఏదేదో ఊహించుకోకండి. మావి ఆరు కార్లు, అందులో రెండు తోస్తేగాని కదలవు.

మా వాదన షోళవరం. మద్రాసు పోయే దారిలో తగులుతుంది. యుద్ధకాలం నాటి రన్‌వే మీద ఒకప్పుడు పెద్ద పెద్ద రేసులు జరిగేవి, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలు ట్రాక్ వచ్చేదాకా. ‘ఆ గాలి ముందు తగిలేది మాకే’ అన్నాం. ఒంగోలు వాళ్లు ఊరుకుంటారా? ‘మాకు కొరిశపాడు దగ్గర హైవేనే రన్‌వే. 2022లో ఎయిర్‌ఫోర్స్ విమానాలొచ్చి చూసిపోయినాయి’ అన్నారు. దాని మీద మీ కార్లను పోనిస్తారా అంటే మాత్రం మాట ఎడ్ల మీదికి మళ్లించారు.

చివరికి చెన్నై నుంచి ఒక పెద్దాయన వచ్చి, చూసి తేలుస్తానన్నారు. ముందు మా వంతు. మాది టీఎస్‌డీ ర్యాలీ, అంటే టైమ్, స్పీడ్, డిస్టెన్స్. ఇందులో దూసుకుపోయినవాడు గెలవడు. చెప్పిన సగటు వేగంతో, చెప్పిన నిమిషానికి చేరాలి. ఆలస్యమైనా పెనాల్టీయే, ముందొచ్చినా పెనాల్టీయే. ముందే వచ్చే జబ్బు మా జిల్లాలో లేదు గనక సగం గండం గడిచినట్టే.

ఎక్కడ ఎటు తిరగాలో డ్రైవర్లకు చెప్పే రోడ్ బుక్ రాసే పని నా మీద పడింది. ఇందుకూరుపేట మీదుగా మైపాడు. ముందురోజు మీటర్ చూసుకుంటూ తిరిగాను. ఒక మలుపు దగ్గర గుర్తు పెట్టుకోవడానికి ఏమీ లేదు, అటూ ఇటూ పొలాలే. ఎదురుగా ఇరవై అడుగుల పుట్టినరోజు ఫ్లెక్సీ, చేతులు జోడించిన నాయకుడు. దేవుడిలా కనిపించాడు. ‘ఫ్లెక్సీ దగ్గర ఎడమకు’ అని రాసేశాను. పక్కనే కిలోమీటర్ల లెక్కా వేశాను గానీ, అంత పెద్ద ముఖం కనిపిస్తుంటే అంకెలెవరు చూస్తారు?

పుట్టినరోజు ఆ రోజే. తేదీ నేను చదవలేదు.

మర్నాడు మైపాడులో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాను. మొదటి కారు 9.40కి రావాలి. పదిన్నరకు ఫోనొచ్చింది. ‘ఏంది సామీ, ఎడమకు తిరిగితే రొయ్యల గుంటుంది!’

కోతల కాలం, రాత్రి మబ్బేసింది. ఎవరో రైతు ఫ్లెక్సీ విప్పుకుపోయి, కిలోమీటరున్నర అవతల వడ్ల రాశి మీద కప్పాడు. నాయకుడు వెల్లకిలా పడుకుని ఆకాశానికి దండం పెడుతున్నాడు. ఆ పక్క సందు నేరుగా గుంట గట్టెక్కి ఆగిపోతుంది. గట్టు మీద ఆరు కార్లు, ఒకదాని వెనక ఒకటి. తిరగడానికి చోటు లేదు. వెనక్కి రావాలంటే ఆఖరి కారు ముందు కదలాలి, అదేమో తోసే రకం. అన్నిటికన్నా ముందు కారులో చెన్నై పెద్దాయన, ఆయన పక్కన ఒంగోలు సెక్రటరీ, వీడియో తీస్తూ.

కాపలా తాత మాత్రం మర్యాదగా చెప్పాడు. ‘రొయ్యలింకా అమ్మే కౌంటుకు రాలేదయ్యా, పదిరోజులాగి రండి.’

మధ్యాహ్నం పెద్దాయన చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు గానీ ర్యాలీ మాత్రం ఒంగోలుకే రాశారు.

నిన్న వాళ్ల రోడ్ బుక్ వచ్చింది. ఫ్లెక్సీలు లేవు, బాగా జాగ్రత్తపడ్డారు. మూడో మలుపు దగ్గర ఇలా ఉంది: ‘వేపచెట్టు కింద ఒంగోలు గిత్త దగ్గర కుడికి.’

నేనేమీ అనలేదు. ఎంట్రీ ఫీజు కట్టేశాను.