సర్టిఫికెట్ల సంత

చివరి సెమిస్టర్ వచ్చిందంటే చాలు, బెంగళూరు ఇంజనీరింగ్ కాలేజీల్లో చేయని సమాజ సేవను చేశారని సంతకం పెట్టే మనిషి కోసం వేట మొదలవుతుంది. రెండు రోజుల్లో ఫొటోలతో సహా పాయింట్లన్నీ సర్దిపెడతామనే బేరాలు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో బాహాటంగానే తిరుగుతున్నాయి. కొనేవాడికి సిగ్గు లేదు, అమ్మేవాడికి భయం లేదు. ఆ కాగితం నకిలీదని తెలిసే ఫైల్లో పెట్టుకుని పాయింట్లు వేసే కాలేజీకి ఆ రెండూ లేవు. మా కోపం ముందుగా ఆ కాలేజీ మీదే.

నిబంధన పాఠకులకు తెలిసిందే. దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పెట్టిన యాక్టివిటీ పాయింట్ల పద్ధతిని, అంటే తరగతి బయట సేవ చేసిన గంటలకు పాయింట్లు వేయడాన్ని, విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం (వీటీయూ) తన కాలేజీల్లో అమలు చేస్తోంది. నాలుగేళ్ల బీఈ విద్యార్థికి 100 పాయింట్లు, 320 గంటలు. డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకు 75 పాయింట్లు, 240 గంటలు. ఈ పాయింట్లు సీజీపీఏలో కలవవు. కానీ పూర్తి కాకపోతే ఎనిమిదో సెమిస్టర్ గ్రేడ్ కార్డు చేతికి రాదు. మూడున్నరేళ్లు ఎవరూ అడగరు, ఆఖరి మూడు నెలల్లో అందరూ అడుగుతారు. సంత పుట్టింది అక్కడే.

ఆ ఫైళ్లు ఒకసారి తెరిచి చూడండి. స్పైరల్ బైండింగ్ కొత్త వాసన పోదు. నలభై రోజుల లాగ్ షీటు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒక్క కొట్టివేత లేకుండా నిండి ఉంటుంది. రోజూ వచ్చిన టైమ్ 9.30, వెళ్లిన టైమ్ 4.30. అందులో సెమిస్టర్ పరీక్ష ఉన్న రోజు కూడా ఉంటుంది. ఫొటోలో ఫ్లెక్సీ మీద తేదీ దగ్గర కాగితం ముక్క అతికించి ఉంటుంది, పాత బ్యాచ్ వాడిన ఫ్లెక్సీ మరి. ఫొటో మీద తేదీ, ఊరు వేసే యాప్ ఉందిగా అంటారు. ఆ తేదీనీ ఊరినీ మార్చే యాప్ కూడా అదే ఫోన్లో ఉంటుంది. ఇవన్నీ ప్రొక్టర్‌కు, అంటే ఆ విద్యార్థుల బాధ్యత చూసే లెక్చరర్‌కు, కనపడవా? కనపడతాయి. తన కింద ఉన్న పిల్లలందరి ఫైళ్లూ సాయంత్రంలోగా పోర్టల్‌లో ఎక్కించాలని పైనుంచి ఫోన్ వస్తుంది. సంతకం పడుతుంది.

మొక్కల సంగతే తీసుకుందాం, సేవ పేరుతో ఎక్కువగా కనిపించే ఫొటో అదే కాబట్టి. నలభై మంది నిలబడి ఒక్క మొక్కను పట్టుకుంటారు. వేరు చుట్టూ నల్ల పాలిథిన్ కవర్ అలాగే ఉంటుంది, అంటే ఆ మొక్క ఫొటో తర్వాత తిరిగి నర్సరీకి వెళ్లిపోయింది. నిజంగా నాటేవాళ్లు ఏం చేస్తారు? రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంత పదిహేను రోజుల ముందే తవ్వి ఎండబెడతారు. ఎర్రమట్టిలో కంపోస్టు కలిపి నింపుతారు. జూన్, జూలై వానల్లో, మట్టిముద్ద చెదరకుండా కవర్ కోసి దించుతారు. ఊతకర్ర కట్టి, పాదు చేసి, కంచె పెడతారు. అసలు పని అక్కడి నుంచే మొదలు. కానుగైనా వేపైనా మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు పది లీటర్ల చొప్పున నీళ్లు పోస్తేనే నిలుస్తుంది. ఒక కాలేజీ ఐదు వందల మొక్కలు నాటానని రాసుకుంటే, ఒక్క తడికి 5,000 లీటర్లు కావాలి, అంటే ఒక ట్యాంకర్. 2024 వేసవిలో తాగడానికే ట్యాంకర్ దొరకని నగరంలో ఆ ఐదు వందల మొక్కలకు ఎవరు నీళ్లు పోశారు? ఆ ట్యాంకర్ బిల్లు ఏ ఫైల్లో ఉంది?

మొక్క ఎండిపోతే ఎండిపోయింది, మళ్లీ నాటుకోవచ్చు. మనుషుల దగ్గర ఈ నాటకం ఆడితే నష్టం వేరుగా ఉంటుంది. వర్తూరు, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల కట్టే అపార్ట్‌మెంట్ల దగ్గర లేబర్ షెడ్లలో తెలుగు మాట్లాడే పిల్లలు ఉన్నారు. అనంతపురం, కర్నూలు నుంచి పనికొచ్చిన కుటుంబాలవి. వాళ్లకు చదువు చెప్పామనే రిపోర్టులకు కొదవ లేదు. జరిగేదేమిటంటే, ఈ శనివారం ఒక బ్యాచ్ వచ్చి ఏ ఫర్ యాపిల్ చెప్పి, బిస్కెట్లు పంచి, ఫొటో దిగి వెళుతుంది. వచ్చే శనివారం ఇంకో బ్యాచ్ వచ్చి మళ్లీ ఏ ఫర్ యాపిల్ దగ్గరే మొదలుపెడుతుంది. ఆ పిల్ల పదిసార్లు యాపిల్ నేర్చుకుంటుంది. 42లోంచి 17 తీసేయమంటే మాత్రం పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం ఎవరూ చెప్పలేదు కాబట్టి 35 అని రాస్తుంది, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి. ఆ తప్పు ఎక్కడ జరుగుతోందో పట్టుకోవాలంటే అదే మనిషి, అదే ఆరేడుగురు పిల్లలతో, వారానికి రెండుసార్లు, కనీసం మూడు నెలలు కూర్చోవాలి. అంతకన్నా పెద్ద పని ఒకటుంది. టీసీ లేదని, వయసు పత్రం లేదని పిల్లను బడిలో చేర్చుకోకపోవడానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. కన్నడ రాని తల్లిని వెంటబెట్టుకుని ప్రభుత్వ బడి హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి ఆ మాట కన్నడలో చెప్పగలిగిన తెలుగు విద్యార్థి ఒక్కడు చాలు. అలాంటి పనికి ఫ్లెక్సీ అక్కర్లేదు. అందుకే ఏ ఫైల్లోనూ అది కనపడదు.

అంధ విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టే పని ఇంకా సున్నితమైనది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం, అభ్యర్థి తనే లేఖరిని, అంటే రాసిపెట్టే మనిషిని, తెచ్చుకుంటే ఆ లేఖరి చదువుకు పరిమితి ఉంటుంది. గంటకు 20 నిమిషాలు అదనపు సమయం ఇస్తారు కాబట్టి మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. లేఖరి వివరాలు, హామీపత్రం ముందే ఇవ్వాలి. లోపలికెళ్లాక ప్రశ్నను నిదానంగా రెండుసార్లు చదవాలి. చెప్పింది చెప్పినట్టే రాయాలి, తనకు తెలిసిన జవాబు కలపకూడదు, తప్పు చెబితే తప్పే రాయాలి. రాసింది తిరిగి చదివి వినిపించాలి. ఇదంతా ఒక పూట నేర్పితే వస్తుంది. నేర్పలేనిది ఒక్కటే, చెప్పిన రోజు చెప్పిన టైమ్‌కి గేటు దగ్గర ఉండటం. పాయింట్ల కోసం పేరు ఇచ్చినవాడికి ముందురోజే ఇంకోచోట పాయింట్లు దొరికితే ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. పరీక్ష పోయేది గేటు బయట తెల్లకర్ర పట్టుకుని నిలబడ్డ పిల్లవాడికి.

నిర్బంధంగా చేయించేది సేవ ఎలా అవుతుందని, ల్యాబులూ ఇంటర్నల్సూ ట్రాఫిక్కూ మధ్య పిల్లలకు తీరిక ఎక్కడుందని, వందల మందిని కాలేజీ ఎలా కనిపెట్టగలదని అడిగేవాళ్లున్నారు. వినదగ్గ మాటలే. కానీ 320 గంటలను ఎనిమిది సెమిస్టర్లకు పంచితే సెమిస్టర్‌కు నలభై, పదహారు వారాలకు పంచితే వారానికి రెండున్నర గంటలు. మారతహళ్లి పీజీల్లో ఒక ఐపీఎల్ మ్యాచ్‌కు అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఇక కనిపెట్టలేమనే మాట కాలేజీల నోట వినడం మరీ విడ్డూరం. హాజరు 85 శాతం ఉండాలని నిబంధన. ఒక్క శాతం తగ్గితే మెడికల్ సర్టిఫికెట్ తెమ్మంటారు, తండ్రిని పిలిపిస్తారు, డిటెయిన్ చేస్తామంటారు. సొంత తరగతి గదిలో గంట గంటకూ లెక్క తీయగలిగిన కాలేజీకి, బయట జరిగిన 320 గంటల్లో ఒక్క గంటను ఫోన్ చేసి కనుక్కోవడం చేతకాదా? చేతకాక కాదు. హాజరు తగ్గితే విశ్వవిద్యాలయం కాలేజీని అడుగుతుంది. సేవ అబద్ధమైతే ఎవరూ ఎవరినీ అడగరు. చేను మేస్తున్నది కంచేనని అందరికీ తెలుసు, చేనుకు నోరు లేదు.

మేము భయపడుతున్నది మొక్కల గురించో ఫ్లెక్సీల గురించో కాదు. పంతొమ్మిదేళ్ల పిల్ల తన పేరుతో పెట్టే మొదటి అధికారిక సంతకం ఒక అబద్ధం కింద పెడుతోంది, పక్కన ఆమె గురువు సంతకం ఉంటోంది. ఆ తర్వాత మెట్లు అందరికీ తెలిసినవే. సేవ కాగితం దొరికిన దారిలోనే ఇంటర్న్‌షిప్ కాగితం దొరుకుతుంది. ఇంటర్న్‌షిప్ కాగితం ఇచ్చినవాడే, ఉద్యోగం రాక ఏడాది ఖాళీగా ఉంటే, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇస్తాడు, జీతం స్లిప్పులతో సహా. ఈ వ్యాపారానికి మన తెలుగు పిల్లలు ఎంత ముడిసరుకో బెంగళూరులో ఏ హెచ్ఆర్‌ను అడిగినా చెబుతారు. అయితే కంపెనీ ప్రొక్టర్ కాదు. పీఎఫ్ ఖాతాదారుడి గుర్తింపు అయిన యూఏఎన్ నంబరు తీసుకుని పీఎఫ్ ఎక్కడెక్కడ జమైందో చూస్తుంది, జీతంలో కోసిన పన్ను చూపే ఫారం 26ఏఎస్ అడుగుతుంది. పట్టుబడ్డ రోజు సాయంత్రానికి బ్యాడ్జి తీసుకుంటారు. అప్పుడు అదే తల్లిదండ్రులు, మా అబ్బాయిని కన్సల్టెన్సీ మోసం చేసిందని పత్రికల గడప తొక్కుతారు. రెండో ఏడాదిలో 'వాడికి టైమ్ ఎక్కడుంది సార్, మీరే ఎలాగోలా చూడండి' అని కాలేజీని బతిమాలింది వీళ్లే.

మన ఇళ్లలో పిల్ల ఏం చదవాలో ఆరో తరగతిలోనే తేలిపోతుంది. ఐఐటీ ఫౌండేషన్, ఆ తర్వాత ఈఏపీసెట్, కర్ణాటక ప్రైవేటు కాలేజీల కామెడ్‌కె, ర్యాంకు రాకపోతే మేనేజ్‌మెంట్ సీటు. బ్రాంచి అడగనే అక్కర్లేదు, సీఎస్‌ఈ లేకపోతే సీఎస్‌ఈలోనే ఏఐ. ఇంత ఇరుకు దారిలో, తండ్రి ఎంచని పనిని పిల్ల కళ్లారా చూసే అవకాశం ఈ 320 గంటల్లోనే ఉంది. చెరువులోకి మురుగు ఎక్కడ కలుస్తోందో నాలుగు నెలలు నమూనాలు పట్టిన సివిల్ విద్యార్థికి నీటి ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేయాలనిపించవచ్చు. అంధుడి పక్కన నాలుగు గంటలు కూర్చున్న సీఎస్‌ఈ కుర్రాడికి తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేని వెబ్‌సైట్ అంటే ఏమిటో ఏ పాఠమూ చెప్పనంతగా తెలుస్తుంది. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే సైన్యంలో అధికారుల ఎంపికకు పెట్టే సీడీఎస్ రాతపరీక్ష లేకుండానే నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్లే దారి ఉందని ఎంతమంది ఇళ్లలో తెలుసు? ఎంఎస్‌కు అప్లై చేసేటప్పుడు అప్లికేషన్‌తో పంపే ఎస్‌ఓపీ వ్యాసంలో 'వాలంటీర్' అని ఒక వాక్యం కావాలి కాబట్టి కన్సల్టెన్సీ రాసిపెడుతుంది, అదొక్కటే తెలుసు.

కొత్త పద్ధతులు కనిపెట్టాల్సిన పనేమీ లేదు. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) 1969 నుంచి ఉంది. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240, పైగా ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. మొదటి ఏడాది గంటల్లో ఇరవై శిక్షణకే పోతాయి, ఎందుకంటే పని రానివాడి సేవ అవతలివాళ్లకు బరువు. పాయింట్లు కూడా ఏ సెమిస్టర్‌వి ఆ సెమిస్టర్‌లోనే వేయాలి, పాత తేదీల కాగితం తీసుకోకూడదు. పని జరిగిన చోట ఉన్న మనిషి, బడి టీచరో చెరువు కాపలాదారో, వచ్చిన టైమూ వెళ్లిన టైమూ వేసి సంతకం పెట్టాలి. పదిమందిలో ఒకరి విషయంలో ప్రొక్టర్ అక్కడికి ఫోన్ చేయాలి. పదిహేను నిమిషాలు వైవా పెట్టాలి. చదువు చెప్పిన పిల్లల పేర్లు చెప్పమంటే చాలు, వెళ్లినవాడికి వస్తాయి. దొంగ కాగితం దొరికితే విద్యార్థి పాయింట్లతో పాటు దానికి సంతకం పెట్టినవాళ్ల పేరూ విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. ఆ రెండోది లేకుండా మొదటిది చేస్తే మళ్లీ పిల్లలే బలి.

వీటీయూ 2022 స్కీమ్‌లో మూడో సెమిస్టర్‌కు సోషల్ కనెక్ట్ అండ్ రెస్పాన్సిబిలిటీ అని ఒక పేపరు ఉంది, ఒక క్రెడిట్. విద్యార్థుల బృందం ఒక చెట్టు నాటి నాలుగేళ్లు దత్తత తీసుకోవాలని అందులో రాసి ఉంది. 2022లో చేరిన బ్యాచ్ నాలుగేళ్ల చదువు 2026తో ముగుస్తుంది. ప్రతి కాలేజీ తన బృందాల జాబితా, చెట్టు ఉన్న చోటు, ఇప్పటి ఫొటో వెబ్‌సైట్‌లో పెట్టాలి. ప్లేస్‌మెంట్ ప్యాకేజీలను హోర్డింగుల మీద వేసుకునేవాళ్లకు ఇదేమంత కష్టం కాదు. చెట్టు లేని చోట మార్కులు ఎవరు వేశారో ఆ పేరు కూడా పెట్టండి.