గేర్ డాగులకు వెల్డింగ్ పెట్టకండి

ఈ వారం ఒకే మెసేజ్ నాకు నలుగురు స్నేహితులు పంపారు. "పాత బండి గేర్ జారుతోందా? ఐదు చిట్కాలతో గేర్‌బాక్స్ కొత్తదవుతుంది" అని మొదలవుతుంది. ఆ నలుగురిలో ఇద్దరు ఈ ఆదివారమే బండి విప్పుతామంటున్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మొదటి చిట్కా, చప్పుడు తగ్గడానికి ఆయిల్‌లో పిడికెడు రంపపు పొట్టు వేయమని. అరిగిపోయిన బండిని ఎవరికో అంటగట్టడానికి వాడిన పాత మోసం ఇది. పొట్టు ఆయిల్ దారులను మూసేస్తుంది, బుష్‌లు (ఇరుసు తిరిగే లోహపు గొట్టాలు) పొడిబారి అరుగుతాయి. దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

రెండోది, ఆయిల్ తీసేసి గ్రీజు నింపమని. చదవగానే ఒళ్లు మండింది. కానీ ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి: పాత బుల్లెట్‌లో ఉండే ఆల్బియన్ గేర్‌బాక్స్‌కు పల్చటి జారుడు గ్రీజు వేయడం నిజంగానే పాత పద్ధతి. ఆ బాక్స్ ఉన్నవాళ్లకు ఈ మాట తప్పు కాదు. ఆయిల్‌తో నడవాల్సిన బాక్స్‌లో గట్టి గ్రీజు కూరితే మాత్రం, గేర్లు తిరిగినంత మేర గాడి పడి గ్రీజు పక్కకు తప్పుకుంటుంది, పళ్లు పొడిగా రాసుకుంటాయి. ఆయిల్ కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త: జీఎల్-4, జీఎల్-5 అనేవి గేర్ ఆయిల్ రకాలు, డబ్బా మీదే రాసి ఉంటుంది. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలో ఉండే గంధకపు రసాయనాలు వేడెక్కినప్పుడు కంచు బుష్‌లను తినేస్తాయి. కంచు బుష్‌లున్న పాత బాక్స్‌కు జీఎల్-4 మేలు.

మూడోది చూస్తే నాకు నిజంగా భయమేసింది. "అరిగిన డాగుల మీద ఆర్క్ వెల్డింగ్ పెట్టి, గ్రైండర్‌తో ఆకారం తెస్తే కొత్త గేర్ కొనక్కర్లేదు" అని రాశారు. డాగులంటే గేర్ పక్క ముఖం మీద పొడుచుకొచ్చిన దిమ్మలు; గేర్ పడినప్పుడు పక్క గేర్‌ను పట్టుకునేవి అవే.

అలా చేసిన గేర్ ఒకటి నా బల్ల మీదే ఉంది. నా స్నేహితుడి బండిలోది. మూడు డాగులు నున్నగా, కొత్తవాటిలా మెరుస్తున్నాయి. నాలుగోది మొదలంటా లేదు. విరిగినచోట లోహం బూడిదరంగులో గరుకుగా ఉంది, చుట్టూ వేడికి కమిలిన నీలపు మరక. ఆ విరిగిన ముక్క రెండు గేర్ల పళ్ల మధ్య ఇరుక్కుంది. వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. గేర్‌బాక్స్ కేసు (బయటి పెట్టె) పగిలింది, వాడి భుజం ఎముక విరిగింది.

గేర్‌కు గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. చాలా గేర్లలో ఆ పొర మందం ఒక మిల్లీమీటరు లోపే. ఆర్క్ వేడి తగిలిందా, ఆ పొర పోయినట్టే. వెల్డ్ పక్కన ఉక్కు గాజులా పెళుసవుతుంది, వెల్డ్ మెత్తగా మిగులుతుంది. పైగా చేతి గ్రైండర్‌తో అన్ని డాగులూ ఒకే కొలతకు ఎలా వస్తాయి? బరువంతా ఒక్క డాగు మీదే పడుతుంది. అదే విరుగుతుంది. ఈ మెసేజ్ రాసినాయన తన బండికి ఇలా చేసి, మూడో గేర్‌లో ఒక్కసారైనా గట్టిగా యాక్సిలరేటర్ తిప్పి చూశాడా?

ఎక్కడా దొరకని గేర్లకు వెల్డింగ్‌తో లోహం పేర్చేవాళ్లు లేకపోలేదు. కానీ వాళ్లు దాన్ని మెషీన్ మీద కొలతకు తెచ్చి, పైపొర గట్టిపడేలా మళ్లీ హార్డెనింగ్ చేయిస్తారు. అది వేరే పని.

డాగుల అంచులు కొద్దిగానే గుండ్రబడితే మంచి దారి ఉంది. కలిసే రెండు గేర్లనూ మెషీన్ షాపుకిచ్చి, డాగుల ముఖాలను కొన్ని డిగ్రీలు లోపలికి వాలేలా గ్రైండ్ చేయించాలి. అప్పుడు యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ గేర్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, తోసుకోవు. అరుగుదల అంతకు మించితే జతగానే మార్చాలి.

నాలుగోది, డిటెంట్ స్ప్రింగ్ (పడిన గేర్‌ను దాని స్థానంలో నొక్కి ఉంచేది) స్థానంలో ఇంకా గట్టిది వేయమని. స్ప్రింగ్ అలిసిపోయి ఉంటే దాని కొలతదే కొత్తది వేయండి, చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. కానీ డాగులు అరిగిన బాక్స్‌లో గట్టి స్ప్రింగ్ వేస్తే, జారాలని చూసే గేర్‌ను సెలెక్టర్ ఫోర్క్ (గేర్‌ను పక్కకు జరిపే కొక్కెం) ఒంటరిగా ఆపాలి. రాపిడికి అది కమిలి వంగుతుంది.

ఐదోది, బేరింగ్‌ను ఉలీ సుత్తీతో ఊడగొట్టమని. వద్దు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కేసును సుమారు 100 డిగ్రీలకు సమానంగా వేడిచేసి చెక్క మీద తడితే చాలాసార్లు బేరింగ్ దానంతటదే జారి పడుతుంది.

ఆదివారం విప్పే ఇద్దరికీ: షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి వాషర్లు) ఏవి ఎక్కడివో ఫొటో తీసుకున్నాకే కదపండి. ఫోర్క్ కొసలు రెండు వైపులా కొలవండి, వంగిన ఫోర్క్ కొత్త గేర్లను కూడా తినేస్తుంది. డాగుల మీద అనుమానముంటే అక్కడితో ఆపి నాకు ఫోన్ చేయండి, నేనే వచ్చి చూస్తాను.