ఎస్పీ రోడ్‌లో ‘సెట్ ఆగుత్తె’ అన్నారని పీసీ కొనేయకండి

మా అక్క కొడుకు అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఏడాది పాటు స్టైపెండ్ డబ్బులు దాచుకుని, వాళ్ల నాన్న ఇచ్చినవి కొన్ని కలుపుకుని, కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్‌లో 75 వేలు పెట్టి గేమింగ్ పీసీ కొన్నాడు. పది రోజులు తిరక్కుండానే ఫోన్. “మామా, గేమ్ మొదలుపెట్టిన అరగంటకి స్క్రీన్ నల్లబడి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది.” షాపువాళ్లని అడిగితే విండోస్ మళ్లీ వేసుకోమన్నారట. రెండుసార్లు వేశాడు పాపం.

ఆదివారం వెళ్లి సైడ్ ప్యానెల్ విప్పాను. పవర్ సప్లై, అంటే పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె, బయటికి తీస్తే చేతికి బరువే తగల్లేదు. పైన పెద్ద అక్షరాలతో 600 వాట్లు. పక్కన చిన్న పట్టికలో 12 వోల్టుల కింద రాసింది 25 ఆంపియర్లు. 12 ఇంటూ 25, అంటే 300 వాట్లు! ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా కరెంటు లాగేది ఆ 12 వోల్టుల లైన్ నుంచే. వాడి గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060కే 115 వాట్లు కావాలి. పూర్తి లోడ్ పడితే ప్రాసెసర్‌కి ఇంకో 80, 90 దాకా. ఫ్యాన్లు, మదర్‌బోర్డు, మధ్యమధ్యలో ఒక్కసారిగా పెరిగే లోడ్ దీనికి అదనం. నాసిరకం సప్లై ఎంతకని తట్టుకుంటుంది? పెద్ద అంకె చూసి కొనకండి, ఆ చిన్న పట్టిక చదవండి. సప్లై మీద ఉండే 80 ప్లస్ ముద్ర కూడా కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుందంతే, లోపలి సరుకు నాణ్యతకి అది హామీ కాదు.

అంతకంటే నాకు బాధనిపించింది ప్రాసెసర్ చూశాక. రైజెన్ 5 8500జీ పెట్టారు. అది ఏఎమ్5 సాకెట్‌దే (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), బోర్డు బీ650, ర్యామ్ డీడీఆర్5. అన్నీ కూర్చుంటాయి, స్క్రీన్ వస్తుంది, గేమూ ఓపెన్ అవుతుంది. కానీ 4060 కార్డు 8 పీసీఐఈ లేన్లు, అంటే డేటా వెళ్లే దారులు, వాడుకునేలా తయారైంది, ఈ ప్రాసెసర్ గ్రాఫిక్స్ స్లాట్‌కి ఇచ్చేది 4 లేన్లే. కార్డులోని 8 జీబీ మెమరీ నిండిపోయి డేటా కోసం ర్యామ్ దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చినప్పుడు ఆ ఇరుకు తెలిసొస్తుంది, గేమ్ తడబడుతుంది. పైగా 8500జీకి మనం డబ్బు పెట్టేదే దాంట్లో ఉండే గ్రాఫిక్స్ కోసం. విడిగా కార్డు పెట్టాక దానికి పనేముంది? కార్డు లేకుండా తక్కువలో పీసీ కట్టుకునేవాళ్లకి అది మంచి ప్రాసెసరే. మా వాడికి కావాల్సింది లోపల గ్రాఫిక్స్ లేకుండా, కార్డుకి సరిపడా లేన్లు ఇచ్చే 7500ఎఫ్ లాంటిది.

కొనే రోజు వీడు అడిగాడట, ఈ ప్రాసెసర్‌కి ఈ కార్డు సరిపోతుందా అని. “ఎల్లా సెట్ ఆగుత్తె” అన్నారట, కన్నడలో ‘అన్నీ సెట్ అవుతాయి’ అని. సెట్ అయ్యింది, నిజమే. స్లాట్‌లో పట్టడం వేరు, ఒకదానికొకటి సరిపోవడం వేరు. ఆ తేడా తెలిసినవాడు కౌంటర్ వెనక ఉండి, తెలియని పిల్లాడికి చెప్పకపోవడమే నాకు కోపం. లక్షన్నర పెట్టేవాడు తప్పు కొన్నా సర్దుకోగలడు. 75 వేలవాడికి ప్రతి రెండు వేలూ లెక్కే. అలాంటివాడి దగ్గర రంగు లైట్ల క్యాబినెట్‌కి ఏడు వేలు తీసుకుని, పవర్ సప్లైలో మిగుల్చుకోవడం అన్యాయం.

ర్యామ్ సంగతి కూడా చెప్పాలి. రెండు స్టిక్‌లైతే డేటా రెండు దారుల్లో వేగంగా నడుస్తుంది, కానీ రెండు 8లు పెట్టాల్సిన చోట ఒకే 16 జీబీ స్టిక్ పెట్టారు. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్‌ని దాని అసలు స్పీడ్‌లో నడిపే ఎక్స్‌పో ఆన్ చేయలేదు, 6000 స్పీడ్ అని కొన్నది 4800 దగ్గరే నడుస్తోంది. ఇది రెండు నిమిషాల పని.

ఇక బిల్లు చూడండి: “గేమింగ్ పీసీ – 1”. ఒకే లైను! గ్రాఫిక్స్ కార్డుకి, బోర్డుకి, ర్యామ్‌కి వారంటీలు వేర్వేరు కంపెనీలవి, అవన్నీ సీరియల్ నంబర్‌తో నడుస్తాయి. రేపు కార్డు పోతే ఈ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి? ప్రతి పార్టూ మోడల్ పేరుతో, సీరియల్ నంబర్‌తో జీఎస్టీ బిల్లులో రాయించుకోండి. ‘మేం రాయం’ అని వాళ్లంటే ఆ షాపు నుంచి వచ్చేయండి. అదే రోడ్డులో ఓపిగ్గా పెట్టె తెరిచి చూపించి, అన్నీ బిల్లులో రాసిచ్చే షాపులూ ఉన్నాయి. నా పీసీ అలాంటి చోటే కొన్నాను.

మా వాడి సప్లై మార్చాం, మంచి 550 వాట్లది. రీస్టార్ట్ అవడం ఆగిపోయింది. ప్రాసెసర్ వెనక్కి తీసుకోమంటే ఒప్పుకోలేదు, తక్కువకి అమ్మి 7500ఎఫ్ కొనాల్సి వచ్చింది. నాలుగు వేలు పోయాయి.

ఈ శనివారం ఇంకో స్నేహితుడి కోసం ఎస్పీ రోడ్ వెళ్తున్నా. కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్‌ని కింద కామెంట్‌లో పెట్టండి. డబ్బు కట్టకముందే పెట్టండి, కూర్చుని చూసి చెబుతాను.