‘మినీ’ గారికి ఫ్రేము బయటి మనిషి రాయునది

హన్మకొండ,
సోమవారం పొద్దున

మహారాజశ్రీ ‘మినీ’ గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరు క్షేమమేనా అని అడగక్కర్లేదు, ఏ ఊరి పొలిమేరకు పోయినా ఫ్లెక్సీల మీద మీ పేరు కనబడుతూనే ఉంది. మినీ గోవా, మినీ ఊటీ, మినీ మాల్దీవ్స్. మా బొగత జలపాతానికి ‘తెలంగాణ నయాగరా’ అని పేరు పెట్టిన బారసాలలో మీ పేరు ఎక్కడా రాలేదు గానీ, వెనకుండి ఊయల ఊపింది మీరేనని మాకు తెలుసు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బడిలో జాగ్రఫీ చెప్పి రిటైరైనవాణ్ని. సముద్రం లేని జిల్లాలో పుట్టి, పిల్లలకు పటంలో నీలం రంగు చూపించి ఇదే సముద్రమని చెప్పినవాణ్ని. మా వరంగల్ వాళ్లకు నిజంగా సముద్రం చూడాలనిపిస్తే రాత్రి రైలెక్కి ఏ బాపట్లలోనో చీరాలలోనో దిగాలి. ఆ కష్టం చూడలేక మీరు దయతలచి, రెండేళ్ల కింద మా సొంతూరి చెరువుకు ‘మినీ గోవా’ అని పేరు పెట్టించారు. ఏ చెరువు అని మాత్రం అడగకండి. ఇక్కడ పేరు రాస్తే వచ్చే ఆదివారం ఇంకో రెండు వందల కార్లు దిగుతాయి.

నిన్న ఆదివారం మా అమ్మను తీసుకుని అక్కడికే పోయాను. అమ్మకు ఎనభై ఒకటి. మోకాళ్ల నొప్పులు తగ్గితే కట్ట మైసమ్మకు కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంది. నొప్పులు తగ్గలేదు. అయినా మొక్కు మొక్కేనంది. గంట ప్రయాణం. చివరి రెండు కిలోమీటర్లకే ఇంకో గంట పట్టింది. పార్కింగ్ యాభై. గేటు దగ్గర మనిషికి ముప్పై.

“మాది ఈ ఊరే బాబూ” అన్నాను.

“ఆధార్‌ల ఈ ఊరున్నదా సార్?”

ఆధార్‌లో హన్మకొండ ఉంది. అరవై కట్టాను. ఇటలీలోని వెనిస్ నగరంలో 2024లో, జనం ఎక్కువుండే కొన్ని రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రం పోయే టూరిస్టుల దగ్గర ఐదు యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టారు. అక్కడ పుట్టినవాళ్లకు మాఫీ ఉంది. మా నాయన ఈ చెరువుకు నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారాలో ఆయన నోటి మాటతో నడిచేది. ఆయన భార్యకు టికెట్టు, ముప్పై రూపాయలు. సరే, అది కూడా మింగాను. నా బాధ అది కాదు.

కట్ట ఎక్కాం. మైసమ్మ గద్దె తూము పక్కనే. దాని ముందు ఒక కొత్త జంట. పెళ్లి ఇంకా కాలేదు, కాకముందే ఫోటోలు. అమ్మాయి గౌను కట్ట మీద నాలుగు గజాలు పరుచుకుని ఉంది. ఒకడు రంగు పొగ వదులుతున్నాడు, ఇంకొకడు డ్రోన్ లేపాడు, కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అమ్మ ఇవేమీ పట్టించుకోకుండా, సంచిలోంచి పసుపు పొట్లం తీసి గద్దె వైపు రెండడుగులు వేసింది.

“అమ్మమ్మా, జెర జరుగుండ్రి. ఫ్రేముల కొస్తున్నరు” అన్నాడు ఫోటోలు తీసే పిల్లగాడు.

అమ్మ నా వైపు తిరిగింది. “ఫ్రేమంటే ఏంది బిడ్డా?”

చెప్పలేకపోయాను మినీ గారూ. ముప్పై ఒక్క ఏళ్లు అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పిన నోటికి ఆ నాలుగు గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పడం చేతకాలేదు. పది నిమిషాలన్నాడు. గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ గంటా నలభై నిమిషాలు మా అమ్మ ఒక్కపొద్దుతో, ఒళ్లో కొబ్బరికాయ పెట్టుకుని, పార్కింగులో మా కారు నీడలో కూర్చుంది. అక్కడ వేపచెట్టు ఉండేది. పార్కింగు వెడల్పులో పోయింది.

ఆ గంటా నలభై నిమిషాల్లో నాకు ఇంకేం పని? ఈ ఫ్రేము లోపల ఎవరున్నారు, బయట ఎవరున్నారని లెక్క వేశాను. మా నాయన తర్వాత నీరటి లేడు. బర్రెలను కట్ట మీదికి రానివ్వడం లేదు, పేడ పడితే విజిటర్లు జారుతారట. చాకిరేవు బండల మీద ‘ఐ లవ్’ అని మనిషెత్తు అక్షరాలు లేచాయి. వల వేసేవాళ్లు తెల్లారి ఆరులోపు దిగి బయటపడాలి, తర్వాత బోటింగ్ టైము. సద్దుల బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్లకు ఒక మూల తాడు కట్టి ఇచ్చారు. వాళ్లు వద్దని ఎవరూ అనలేదు. కొంచెం జరగమన్నారు, అంతే.

మీరు ‘మినీ’ కదా, మరి మీ పెద్దల సంగతి తెలుసా మీకు? మాల్దీవుల్లో మొదటి రిసార్టు 1972లో తెరిచారు. తర్వాత దశాబ్దాల పాటు అక్కడ నడిచిన పద్ధతి, మనుషులు లేని దీవి చూసుకుని దానిమీద ఒక రిసార్టు. ఊళ్లుండే దీవులు వేరు, టూరిస్టుల దీవులు వేరు. జనం కాపురముండే దీవుల్లో గెస్ట్‌హౌసులకు అనుమతి వచ్చేసరికి 2009 అయింది. అంటే ఫ్రేములోంచి జరగమనే బాధ కూడా లేకుండా, ముందే సముద్రం అడ్డం పెట్టి గీత గీశారన్నమాట. మా చెరువు చిన్నది. అంత సౌకర్యం లేదు. అందుకే ఒక పిల్లగాడు నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది.

ఇక అసలు గోవా. 1961 డిసెంబరు దాకా పోర్చుగీసు వాళ్ల చేతిలో ఉంది. ఆ దశాబ్దం చివరికి జుట్టు పెంచుకున్న హిప్పీలు అంజునా ఒడ్డున దిగారు. వాళ్లకు కావల్సింది చాప, చేపల కూర, కొంచెం తిక్క. చేపలు పట్టేవాళ్ల ఇళ్లలో అద్దెకుండేవాళ్లు. 1980ల్లో చార్టర్ విమానాలు మొదలయ్యాయి, దాంతో చాప పోయి స్టార్ హోటల్ వచ్చింది. 1987లో అలా విమానం దిగిన టూరిస్టులకు గోవా వాళ్లే కొందరు పేడతో స్వాగతం చెప్పి నిరసన తెలిపారు. ఆ పద్ధతి తప్పో ఒప్పో నేను చెప్పను. ఇందాక రాశాను గదా, మా కట్ట మీద ఇప్పుడు పేడ కూడా దొరకదు.

బట్లర్ అనే జాగ్రఫీ ఆయన 1980లోనే చెప్పి పెట్టాడు. ఏ ఒడ్డుకైనా మొదట దారితప్పిన నలుగురు వస్తారు, తర్వాత ఊరివాళ్లు ఇంత అన్నం పెట్టి నాలుగు రూపాయలు తీసుకుంటారు, తర్వాత బయటి పెట్టుబడి దిగుతుంది, జనం కిక్కిరుస్తారు, చివరికి అదే జనం ‘ఇక్కడేముంది, పాడైపోయింది’ అని ఇంకో ఒడ్డు వెతుక్కుంటారు. ఆ తర్వాత ఆ ఊరు కొత్త వేషం వేసుకుంటుంది, లేదంటే వాడిపోతుంది. సముద్రపు ఊళ్లకు ఈ కథ నడవడానికి ముప్పై నలభై ఏళ్లు పట్టింది. థాయిలాండ్‌లో మాయా బే అయితే జనం తాకిడికి పగడాలు దెబ్బతిని 2018లో మూసేశారు, మళ్లీ తెరిచింది 2022లో. మా చెరువు ఇదంతా రెండు వానాకాలాల్లో పూర్తి చేసేలా ఉంది. మొదటి రీల్ వచ్చిన నెలకే చాయ్ బండి, ఆర్నెల్లకు గేటు, ఏడాదికి డీజే. మినీ అంటే ఇదేనేమో. టైము కూడా మినీ.

చిన్న చిన్నవి కూడా ఉన్నాయి, రాస్తే ఉత్తరం బరువెక్కుతుంది. ‘సన్‌సెట్ పాయింట్’ అని బోర్డు పెట్టిన చోట నిలబడితే తూర్పు కనబడుతుంది. జాగ్రఫీ సారుగా దీన్ని క్షమించలేను. రాష్ట్ర చేప కొర్రమీను, మా చెరువు నిండా అదే. కట్ట కింది హోటల్లో మాత్రం అపోలో ఫిష్, అడిగితే ఫ్రీజర్ చూపించాడు. బాత్రూముకు తాళం ఉంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

ఇంకొకటి చెప్పి ముగిద్దామనుకున్నా గానీ నా వల్ల కావడం లేదు, ఇక ‘గారు’ తీసేస్తున్నా. ఏం మినీ, నీకు సిగ్గుందా? లక్నవరం, పాకాల, రామప్ప చెరువులు కాకతీయుల కాలంలో ఎందుకు కట్టారనుకున్నావు? వరి మడికి నీళ్ల కోసం. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించి, చెరువు కూడా తవ్వించింది వ్యూ కోసం కాదు. వ్యూ వచ్చింది, అది వేరే సంగతి. ఆ గుడికి 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వస్తే రామప్ప అనే వచ్చింది, మినీ ఫలానా అని రాలేదు. 2015లో మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీశారు. ఆ నల్ల ఒండ్రుమట్టిని ట్రాక్టర్లలో తోలుకుని పొలాల్లో పోసుకున్నాం, ఊరంతా ఒకటే పండుగ. అప్పుడు ఒక్క కారు రాలేదు. మా చెరువుకు పేరు లేదా? పేరున్న మనిషిని పట్టుకుని ‘అచ్చం పక్కింటాయన లెక్కనే ఉన్నవు’ అంటే ఎట్లుంటదో తెలుసా నీకు? అదీ ఆ పక్కింటాయన కన్నా పొట్టిగా!

సరే. కోపంలో రాశాను. బీపీ గోలీ వేసుకుని వచ్చాను, మళ్లీ ‘మీరు’.

నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. గేటు అవతల మక్కకంకులు కాల్చి అమ్ముతున్నది మా తమ్ముడి కొడుకు. దుబాయ్‌లో తొమ్మిదేళ్లు ఉండి వచ్చాడు. “ఆదివారం ఒక్కరోజే వారం ఎల్లిపోతది పెదనాయనా” అన్నాడు. నాకు కంకి ఊరికే ఇచ్చాడు, అమ్మకు పండ్లు లేవని గింజలు ఒలిచి ఇచ్చాడు. వాడి ముందు మిమ్మల్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాడు పొయ్యిలోకి బొగ్గులు కొన్నది కూడా మీ పేరు మీదనే. ఇదంతా ఎవరి లెక్కలో రాయాలో నాకు తెలియడం లేదు.

మళ్లీ ఆ ఫోటో పిల్లగాడి దగ్గరికి వస్తాను. గంటా నలభై నిమిషాల తర్వాత వాడే పార్కింగులోకి వచ్చాడు. దారి ఇచ్చామని చెప్పడానికి వచ్చాడనుకున్నాను. వాడు అమ్మను ఎగాదిగా చూశాడు. నేత చీర, మోచేతి దాకా పచ్చబొట్టు, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, ఒళ్లో కొబ్బరికాయ.

“అమ్మమ్మా, మీరు ఒక్క షాట్‌ల కూసుంటరా? వెనక జంట నడుస్తుంటది, ముందల మీరు. మంచి విలేజ్ ఫీల్ వస్తది.”

నాకు ఒళ్లు మండింది. పొద్దుటినుంచి ఎవరిని ఫ్రేము బయట కూర్చోబెట్టారో, ఆవిడనే ఇప్పుడు సామాను లెక్క మోసుకొచ్చి ఫ్రేములో పెడతారట! నేను నోరు తెరిచేలోపే అమ్మ అడిగింది.

“పైసలెన్నిస్తవు బిడ్డా?”

వాడు తడబడ్డాడు. నేనూ తడబడ్డాను. బేరం మూడు వందలకు తెగింది. ఇంకో షరతు కూడా పెట్టింది, ముందు మైసమ్మ, తర్వాత ఫోటో. గౌను పక్కకు జరిపించి, పసుపు రాసి, కాయ కొట్టి, కుడకలో ఒక ముక్క ఆ పెళ్లికూతురి చేతిలో పెట్టి, “సల్లగుండు బిడ్డా” అని, అప్పుడు పోయి వాడు చూపించిన చోట కూర్చుంది. కెమెరా వైపు మాత్రం చూడలేదు. చెరువు వైపు చూసింది. వాడికి అదే బాగా నచ్చింది.

ఆ మూడు వందలతో ఏం చేసిందో చెప్పనా? బాతు బొమ్మ బోటు టికెట్లు కొనమంది. ఇద్దరికి నూట అరవై. లైఫ్ జాకెట్ వేసుకుని, నారింజ రంగు బస్తాలా అయి, ముందు సీట్లో కూర్చుంది. తొక్కింది నేను. చెరువు నడిమికి పోయాక నీళ్లలోకి వంగి, ఒకచోట వేలు పెట్టి చూపించింది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే ఆ శిఖం భూమిలోనే వాళ్లు కర్బూజ పెట్టేవాళ్లట. రాత్రి కావలికి మా నాయన, పగలు కావలికి ఆమె. నేను ఆ చెరువు ఒడ్డునే పుట్టాను, ఈ ముక్క నాకు అరవై మూడేళ్లకు, అదీ ప్లాస్టిక్ బాతులో కూర్చున్నాక తెలిసింది.

ఒడ్డు మీదినుంచి విజిల్ వేశారు, టైము అయిపోయింది. నేను బాతు మెడ తిప్పుతుంటే అమ్మ సంచిలో చెయ్యి పెట్టి మిగిలిన నోట్లు లెక్కపెట్టుకుంది.

“ఇంక నూట నలభై ఉన్నయిరా. ఆ ఫోటో పిలగాడు ఉన్నడా, పోయిండా? జెర సూడు.”

ఇట్లు,
టికెట్టు కొని సొంతూరు చూసిన
ఒక రిటైర్డ్ జాగ్రఫీ సారు