ట్యాంకుల కంటే ముందు పింఛను వచ్చింది

జార్జియా నుంచి విడిపోవాలన్న దక్షిణ ఒసేషియా కోసం జార్జియా, రష్యాల మధ్య 2008 ఆగస్టులో జరిగిన యుద్ధం గురించి ఎవరు రాసినా 7వ తేదీ రాత్రితోనే మొదలుపెడతారు. ఆ ప్రాంత రాజధాని త్స్కిన్వలిపై జార్జియా ఫిరంగుల దాడి, రష్యా నుంచి అక్కడికి దారి అయిన రోకీ సొరంగం గుండా దిగివచ్చిన రష్యా ట్యాంకులు, మరోవైపు బీజింగ్‌లో ఒలింపిక్స్ ప్రారంభోత్సవం, ఐదు రోజుల్లో కాల్పుల విరమణ. మొదటి గుండు ఎవరిదన్న తగువు మాత్రం నేటికీ తెగలేదు. తెగకపోయినా నష్టం లేదు. ఎందుకంటే ఆ యుద్ధాన్ని జార్జియా నాలుగేళ్ళ ముందే ఓడిపోయింది. అదీ ఒక సంతలో.

ఆ సంత పేరు ఎర్గ్నేతి. త్స్కిన్వలి శివార్లలో, గోరీ వెళ్ళే దారి పక్కన ఉండేది. 1991-92లో ఒకరినొకరు చంపుకున్న జార్జియన్లూ ఒసేషియన్లూ అక్కడ పక్కపక్కనే సరుకు పరుచుకుని అమ్ముకునేవారు. ఉత్తరం నుంచి సొరంగం దాటి గోధుమ పిండి, పెట్రోలు, సిగరెట్లు వచ్చేవి. దక్షిణం నుంచి పండ్లూ కూరగాయలూ వెళ్ళేవి. సుంకం అన్న మాటే లేదు. దొంగసరుకుల సంత అని ఎవరైనా అంటే కాదనలేం. కానీ బేరం కుదరాలంటే నోరు విప్పాలి. అప్పు పెట్టాలంటే అవతలివాడి ముఖం గుర్తుండాలి. 1992 ఒప్పందం ప్రకారం అక్కడ కాపలా ఉన్న ఉమ్మడి శాంతిదళం ఇంత పని చేసిందని నేను అనుకోను.

2003 నాటి గులాబీ విప్లవంతో గద్దెనెక్కిన జార్జియా అధ్యక్షుడు సాకాష్విలి 2004 వేసవిలో ఆ సంతను మూయించారు. దొంగరవాణా ఆగుతుంది, ఖజానా నిండుతుంది, వేర్పాటు నాయకుల రాబడికి గండి పడుతుంది అని లెక్క వేశారు. గండి పడింది సంత మీద బతికేవాళ్ళ పొట్టకు. జార్జియా రాజధాని టిబిలిసి వైపు చూడడానికి ఒసేషియన్లకు మిగిలిన ఒక్క కారణం కూడా పోయింది. ఆ ఆగస్టులోనే మళ్ళీ తుపాకులు మోగాయి.

ఆ రోజుల త్స్కిన్వలిలో ఒక ముసలామెను ఊహించుకోండి. ఆమె చేతిలో ఉన్నది సోవియట్ పాస్‌పోర్టు. ఆ దేశమే లేదు. జార్జియా పాస్‌పోర్టు తీసుకుందామంటే, 1990 డిసెంబరులో తన ప్రాంతానికున్న స్వయంప్రతిపత్తిని ఒక్క తీర్మానంతో రద్దు చేసిన రాజ్యమది. 2003 నాటికి ఆ రాజ్యం తన సొంత వృద్ధులకు ఇస్తున్న పింఛను నెలకు 14 లరిలు, అంటే దాదాపు 7 డాలర్లు. అటు రష్యా పింఛను అంతకు ఎన్నో రెట్లు. 2000 చివర్లో జార్జియన్లకు వీసా తప్పనిసరి చేసిన మాస్కో, వేర్పాటు ప్రాంతాలైన దక్షిణ ఒసేషియా, అబ్ఖాజియాల వారిని మాత్రం మినహాయించింది. 2002లో పౌరసత్వ చట్టాన్ని మార్చి, పాత సోవియట్ పౌరులకు దారి సులువు చేసింది. ఆమె ఏం చేస్తుంది? వరుసలో నిలబడింది. మీరైనా, నేనైనా నిలబడేవాళ్ళమే.

యుద్ధం నాటికి దక్షిణ ఒసేషియాలో అత్యధికుల దగ్గర రష్యా పాస్‌పోర్టులున్నాయి. ఆగస్టు 8న అధ్యక్షుడు మెద్వెదేవ్ బయటికి తీసిన కారణం అదే: రష్యా పౌరులు ఎక్కడున్నా వారి ప్రాణాలనూ గౌరవాన్నీ కాపాడడం తన బాధ్యత అన్నారు. చూడండి ఆ పనితనం. సరిహద్దు అంగుళం జరగలేదు, సైన్యం కదలలేదు. పొరుగు దేశపు నేల మీద తన పౌరులు మొలిచారు. పౌరులు మొలిచాక వారిని కాపాడడం దురాక్రమణ ఎలా అవుతుంది? యూరోపియన్ యూనియన్ తరఫున హైదీ టాలియావిని బృందం 2009లో ఇచ్చిన నివేదిక త్స్కిన్వలిపై దాడిని సమర్థించలేమని జార్జియాకు చురక వేసింది. ఈ పాస్‌పోర్టుల పంపకం అంతర్జాతీయ న్యాయం ముందు చెల్లదనీ అదే నివేదిక తేల్చింది. సుమారు 850 మంది చనిపోయిన ఏడాదికి.

ఇదే కథ ఉక్రెయిన్‌లో మరింత పెద్ద ఎత్తున నడిచింది. తూర్పున డాన్‌బాస్‌లో వేర్పాటు మంట రేగిన 2014లోనే, నవంబరులో, తన అదుపులో లేని ప్రాంతాలకు పింఛన్లు ఆపేసింది కీవ్. డబ్బు కావాలంటే గీత దాటి ఇవతలికి వచ్చి, నిర్వాసితులుగా నమోదై, తీసుకోవాలి. లుహాన్స్క్ వైపు స్తానిత్సియా దగ్గర వంతెన కూలిపోయి ఉంది. ఆ శిథిలాల మీద వేసిన చెక్క వాలు దారిలో, చేతికర్రలతో, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్ళు ఏళ్ళ తరబడి అటూ ఇటూ దాటారు. వంతెన బాగుపడింది 2019 నవంబరులో. అదే ఏడాది ఏప్రిల్‌లో పుతిన్ డోనెట్స్క్, లుహాన్స్క్ వాసులకు సులభంగా పాస్‌పోర్టులిచ్చే ఉత్తర్వు మీద సంతకం చేసేశారు. 2022 ఫిబ్రవరి 21న ఆ రెండు ప్రాంతాలను దేశాలుగా గుర్తించడం, 24న దండెత్తడం పాఠకులకు తెలిసినవే.

జనమే క్యూ కట్టి తీసుకున్నారు కదా అంటారు రష్యా పక్షాన వాదించేవారు. ‘జార్జియా జార్జియన్లకే’ అని నినదించినవాళ్ళు ఇప్పుడు ఒసేషియన్లు మావాళ్ళే అంటే ఎలా, సెర్బియా నుంచి విడిపోయి పశ్చిమ దేశాల గుర్తింపు పొందిన కొసావోకు ఒక న్యాయం, మాకో న్యాయమా అని కూడా అడుగుతారు. మొదటి రెండింటికీ నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అవి నిజం. సొంత రాజధాని విదిలించుకున్నవాళ్ళే పొరుగువాడికి దొరికారు. కొసావో సంగతి వేరు. 2008 ఫిబ్రవరిలో కొసావో స్వతంత్ర ప్రకటన చెల్లదన్న రష్యాయే ఆగస్టు 26కల్లా దక్షిణ ఒసేషియా, అబ్ఖాజియాలను రెండు కొత్త దేశాలుగా గుర్తించింది. నీతి ఏడు నెలలు కూడా నిలవకపోతే దాని మీద చర్చ దండగ.

1971లో మీరు చేసిందేమిటి అని మనల్నీ అడగవచ్చు. అడగాలి కూడా. తూర్పు పాకిస్తాన్ తిరుగుబాటును యుద్ధం దాకా తీసుకెళ్ళడంలో పొరుగు దేశం పాత్ర మనదే. ముక్తివాహినికి శిక్షణ ఇచ్చింది మనమే. అయితే కోటి మంది శరణార్థులు వచ్చినప్పుడు వాళ్ళ చేతుల్లో భారత పాస్‌పోర్టులు పెట్టి, మా పౌరులను కాపాడుకుంటున్నామని చెప్పి ఢాకాలో దిగలేదు. డిసెంబరు 6న బంగ్లాదేశ్‌ను గుర్తించాం, మరుసటి మార్చికల్లా సైన్యం వెనక్కి వచ్చింది. త్స్కిన్వలిలో రష్యా సైన్యం నేటికీ ఉంది.

ఖార్కివ్ నేలమాళిగల నుంచి మన తెలుగు విద్యార్థులు ఫోన్లు చేస్తున్న రోజుల్లో మన టీవీ తెరల నిండా నాటో పటాలే. బాణం గుర్తులు, క్షిపణుల దూరాలు, మాజీ సైనికాధికారుల ఊహాగానాలు. స్తానిత్సియా వంతెన ఒక్క రాత్రి కూడా చర్చకు రాలేదు. పింఛను మాట్లాడితే రేటింగు రాదు. వేర్పాటువాదాన్ని మనం జెండాలూ నినాదాలూ అనుకుంటాం. అక్కడి వృద్ధులకు అది ఏ కిటికీ దగ్గర నిలబడితే డబ్బు చేతికొస్తుందన్న ప్రశ్న.

ఎర్గ్నేతిలో ఇప్పుడు సంత లేదు. యూరోపియన్ పరిశీలకుల సమక్షంలో రెండు పక్షాల అధికారులు అక్కడే సమావేశమవుతారు. గీత దాటాడని పట్టుకున్న రైతును ఎప్పుడు వదులుతారు, పొలాలకు నీళ్ళెప్పుడు వదులుతారు, ముళ్ళకంచె అవతలికి తప్పిపోయిన పశువుల సంగతేమిటి అన్నవి అక్కడ చర్చకు వస్తాయి.